వాడిన ఇతర పేర్లు

మా షెడ్డులో నన్ను ఎర్మిలా అంటారు. పదకొండేళ్లుగా అలాగే పిలుస్తున్నారు కాబట్టి ఆ పేరు వినబడితే నిద్రలో కూడా పలుకుతాను. నా అసలు పేరు ఒబ్దూలియా. అసలు ఎర్మిలా మా వీధి చివర ఉంటుంది. నాకంటే రెండేళ్లు పెద్దది, నాకంటే లావు, నోరు కూడా నాకంటే పెద్దదే. గ్రీన్ కార్డు ఆమెది, పుట్టగొడుగులు కోసే చేతులు నావి. కంపెనీ పుస్తకాల్లో మాత్రం మేమిద్దరం కలిసి ఒకే మనిషి.

ముక్కున వేలేసుకునేవాళ్లు వేసుకోండి. మెక్సికోలోని గ్వానహ్వాతో నుంచి ఈ పెన్సిల్వేనియా షెడ్లకు ముందొచ్చిన వాళ్లకు కాగితాలు దొరికాయి. వెనకొచ్చిన మాకు పని మాత్రం దొరికింది. కాగితం ఉన్నవాళ్లు లేనివాళ్లకు పేరు అరువివ్వడం ఇక్కడ పక్కింటికి చిటికెడు ఉప్పు ఇచ్చినంత మామూలు. మా మేస్త్రి బసీలియోకు ఎవరి పేరు ఎవరిదో అంతా తెలుసు. తెలియనట్టు ఉండడానికే ఆయన్ను మేస్త్రిని చేశారని నా అనుమానం.

ఎర్మిలా నాకు పేరు ఊరికే ఇవ్వలేదు. అలాగని డబ్బుకూ ఇవ్వలేదు. ఆమె నా కూతురు మరిసెలకు జ్ఞానతల్లి. ఇద్దరం ఒకే ఊళ్లో పుట్టి జుట్లు పట్టుకుని కొట్టుకుంటూ పెరిగాం. పిల్ల తలమీద జ్ఞానస్నానం నీళ్లు పడ్డ రోజు నుంచి మాత్రం ఒకరికొకరం ‘కొమాద్రె’లమయ్యాం. మాలో అది తోబుట్టువు కంటే పెద్ద బంధం. కొమాద్రెను నువ్వు అనకూడదు, మీరు అనాలి. తిట్టుకునేటప్పుడు కూడా మీరు అనే తిట్టుకుంటాం. తల్లి పోతే పిల్లకు జ్ఞానతల్లే తల్లి. ఆ మాట పాదిరిగారి ముందు ఒప్పుకునే బిడ్డను చేతుల్లోకి తీసుకుంటారు.

మరిసెలకు ఐదేళ్లప్పుడు మా ఆయన్ను రోడ్డు మీద ఆపి, లైసెన్సు లేదని పట్టుకుని, దేశం దాటించారు. తిరిగొస్తూ ఎడారిలో పోయాడు. ఆ నెల చివర్లో ఎర్మిలా మా ఇంటికొచ్చి తన కార్డుల నకళ్లు బల్లమీద పెట్టి, “ఏడుపు రేపు ఏడుద్దురు గానీ, ముందు వెళ్లి పనిలో చేరండి” అంది. అప్పటినుంచి నేను ఎర్మిలాను.

ఇప్పుడు మరిసెలకు పదహారు. ఇక్కడే పుట్టింది, ఈ దేశపు పిల్ల. నాకున్న భయం ఒక్కటే. నన్ను పట్టుకుపోతే అది ఒంటరిదవుతుంది. మిగతా భయాలన్నీ దీని పిల్లలే.

ఏప్రిల్లో రూలు వచ్చింది. మరిసెల ఫోన్లో చదివి వినిపించింది. కాగితాల్లేని పరాయి దేశం వాళ్లు, పద్నాలుగేళ్లు నిండిన ప్రతి ఒక్కరూ, ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలట. వేలిముద్రలివ్వాలట. వాళ్లిచ్చిన కాగితాన్ని పెద్దవాళ్లు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలట. ఇల్లు మారితే పదిరోజుల్లో చెప్పాలట. చేసుకోకపోతే నేరం, ఆరు నెలల దాకా జైలు.

“చేసుకుంటే?” అన్నాను.

“చేసుకుంటే నువ్వెక్కడ ఉంటున్నావో వాళ్లకి తెలుస్తుంది.”

“తెలిస్తే ఉండనిస్తారా?”

“అది కాదంట. పేరు రాయించుకున్నంత మాత్రాన ఉండే హక్కు రాదని ఇక్కడే రాశారు.”

“అంటే దొంగే పోలీసుల దగ్గరకెళ్లి, ఇదిగో మా వీధి, ఇదిగో మా తలుపు అని చూపించి రసీదు తెచ్చుకోవాలన్నమాట.”

“నువ్వు దొంగవి కాదమ్మా.”

“ఆ మాట ఫారంలో ఎక్కడైనా ఉందేమో చూడు.”

పిల్ల మూతి ముడుచుకుంది. దానికి బళ్లో చట్టం గురించి చెప్పారు. చట్టాన్ని గౌరవిస్తే అది మనల్ని గౌరవిస్తుందని నమ్ముతుంది. దాన్ని అలా నమ్మించినవాళ్ల మీద నాకు కోపమూ ఉంది, కృతజ్ఞతా ఉంది.

ఆదివారం పూజ అయ్యాక చర్చి హాల్లో ఒక లాయరమ్మ వచ్చి మాట్లాడింది. స్పానిష్ బాగానే మాట్లాడుతుంది, కాకపోతే నత్తనడక. మా వీధి ఉబాల్దో టోపీ తీసి, “అమ్మా, ఒక్క మాటలో చెప్పండి. చేసుకోమంటారా, వద్దంటారా?” అని అడిగాడు.

“ఒక్క మాటలో చెప్పలేనండి. చేసుకోకపోతే నేరం కింద కేసు పెట్టొచ్చు. చేసుకుంటే ఆ వివరాలతోనే మిమ్మల్ని పంపించే కేసు మొదలుపెట్టొచ్చు.”

“మరి మీరు చదివిన చదువంతా దేనికమ్మా?” అంది వెనకనుంచి ఎర్మిలా. హాలంతా నవ్వింది. లాయరమ్మ కూడా నవ్వింది కానీ ఆమె కళ్లకింద నల్లచారలు చూస్తే జాలేసింది. ఆ వారంలో ఎన్ని హాళ్లు తిరిగిందో పాపం.

అందరూ లేచాక నేను ఆమెను మూలకు తీసుకెళ్లాను. ఫారంలో నన్ను ఆపేసిన గడి ఒకటుంది: మీరు వాడిన ఇతర పేర్లు. దాని తర్వాత ఇంకోటి: ఎప్పుడైనా, పట్టుబడకపోయినా సరే, నేరం ఏదైనా చేశారా?

“వేరే పేరుతో పని చేసినవాళ్లు ఏం రాయాలమ్మా? నా గురించి కాదు, మా పక్కింటావిడ గురించి.”

“మీ పక్కింటావిడకి చెప్పండి, నిజం రాస్తే నేరం ఒప్పుకున్నట్టు. ఆ పేరు అసలు ఎవరిదో వాళ్లూ చిక్కుల్లో పడతారు. ఖాళీ వదిలేసి సంతకం పెడితే అబద్ధం చెప్పినట్టు, అది ఇంకో నేరం.”

“చెప్పను అని రాస్తే?”

“రాయొచ్చు, ఆ హక్కుంది. కానీ చెప్పడానికేదో ఉందని వాళ్లకి అర్థమైపోతుంది.”

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అని విన్నాను కానీ, పక్కల్లో కూడా తవ్వి పెడతారని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ సాయంత్రం ఎర్మిలా మా వంటింట్లో కూర్చుంది. రొట్టెలు కాలుస్తుంటే పెనం మీంచే తీసుకుని తింటోంది. ఆమెకు జూన్ ఇరవై నాలుగున పౌరసత్వ ప్రమాణం. ఆ రోజు వేసుకోవడానికి నీలంగౌను కూడా కొనిపెట్టుకుంది.

“కొమాద్రె, నా పేరు మాత్రం రాయకండి. నా ప్రమాణం అయ్యేదాకా ఆగండి.”

“ఆగడానికి నేనేమన్నా బస్సు కోసం నించున్నానా? నిన్న మార్కెట్ దగ్గర ఉబాల్దో తమ్ముణ్ణి ఆపారు. నమోదు కాగితం అడిగారు. లేదనేసరికి తీసుకెళ్లిపోయారు.”

“రాయించుకున్నవాళ్లని మాత్రం పీటేసి కూర్చోబెడతారా?”

“ఏమో. చేసుకున్నవాళ్ల జోలికి ఆఖర్న వస్తారని అంటున్నారు.”

“ఎవరంటున్నారు?”

“అందరూ.”

“అందరికీ ఎవరు చెప్పారు? మీకసలు బుర్ర ఉందా కొమాద్రె?”

“మీకుంటే నాలుగు రొట్టెలు నాకు మిగిల్చేవారు.”

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. మరిసెల లోపలి గదిలో లెక్కలు చేసుకుంటూ వింటోందని ఇద్దరికీ తెలుసు. “రాయను” అన్నాను మెల్లగా. “మీ పేరు రాయను. పిల్ల మీద ఒట్టు.”

రెండ్రోజుల తర్వాత మరిసెల ఫారం నింపింది. ఇంటిపేరుకు ఒకటే గడి ఉంది. మాకేమో తండ్రిదొకటి, తల్లిదొకటి, రెండుంటాయి. రెంతెరియా ఫువెంతెస్ అని రెండూ ఇరికించి రాసింది. అడ్రసు రాసింది. ఇతర పేర్ల దగ్గర ఆగి నావైపు చూసింది.

“ఖాళీగా వదిలెయ్.”

“అమ్మా, కింద ఒట్టేసినట్టు సంతకం పెట్టాలి.”

“పెడతాను. ఒట్టు మీద ఒట్టు, నాకేం కొత్త?”

అది ఒక్క నిమిషం కదల్లేదు. తర్వాత గడి దాటేసి కిందికి వెళ్లింది. నా పిల్ల చేత నేను చేయించిన మొదటి తప్పు అది. అందుకు సిగ్గుపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను.

మే నెలలో వేలిముద్రలకు ఫిలడెల్ఫియా రమ్మన్నారు. అద్దంలా ఉండే చిన్న పలక మీద గుమాస్తా నా వేళ్లు ఒక్కొక్కటే పెట్టి నొక్కాడు. ఎర్రలైటు వెలిగింది. తుడిచి మళ్లీ నొక్కాడు. మళ్లీ ఎర్రలైటే. మందేదో రాశాడు, వెచ్చబెట్టమన్నాడు, బొటనవేలు పట్టుకుని ఇటూ అటూ దొర్లించాడు. పది వేళ్లలో ఒక్కదాని మీదా గీత పడలేదు.

పడవు మరి. షెడ్డులో చీకటి, ఆవిరి, తలకు కట్టుకున్న లైటు, ఆరు వరుసల అరలు. పుట్టగొడుగు మెడను మూడు వేళ్లతో పట్టుకుని మెలితిప్పి, కత్తితో మొదలు కోసి పెట్టెలో వేయాలి. మచ్చ పడితే పనికిరాదు కాబట్టి వేలికొసతోనే పట్టాలి. రోజుకు కొన్ని వేలసార్లు. పైగా గంట గంటకూ క్లోరిన్ నీళ్లతో చేతులు కడగాలి. పదకొండేళ్లు అలా చేస్తే దేవుడు గీసిన గీతలైనా అరిగిపోతాయి.

“ఏం పని చేస్తారమ్మా?” అని అడిగాడు గుమాస్తా. మంచివాడే, గొంతులో ఎగతాళి లేదు.

పుట్టగొడుగులంటే ఏ కంపెనీ అంటాడు. కంపెనీ అంటే ఏ పేరుతో అంటాడు. “ఇంటి పనండి, గిన్నెలు తోముతాను” అన్నాను.

“అయితే మూడు వారాలు గిన్నెలు తోమకండి. చేతులకు విశ్రాంతివ్వండి, నూనె రాయండి. జూన్ ఇరవైన పొద్దున్న ఎనిమిదింటికి మళ్లీ రండి. ముద్రలు పడితేనే మీ కాగితం వస్తుంది.”

“అప్పటిదాకా నేను నమోదైనట్టా, కానట్టా?”

“ఫారం అందింది. నమోదు పూర్తి కాలేదు.”

అంటే నా పేరు, నా ఇల్లు, నా ఫోటో వాళ్ల దగ్గరున్నాయి. నా దగ్గరేమో చూపించడానికి ఏమీ లేదు. ఎవరైనా ఆపితే ఉబాల్దో తమ్ముడి గతే. బస్సులో ఇంటికొస్తూ దారంతా వేళ్లు చూసుకున్నాను. అవి నావేనని నాకు తప్ప ఎవరికీ తెలిసే దారి లేదని ఏడుపొచ్చింది.

మూడు వారాలు పని మానేస్తే బసీలియో నా వరుస ఇంకొకరికి ఇచ్చేస్తాడు. సంగతి చెప్తే ఎర్మిలా తొడ చరిచింది.

“దానికింత ఆలోచనా? నేను కోస్తాను మీ వరుస. మీ బ్యాడ్జి ఇటివ్వండి.”

ఇది మాలో ఉన్న ఆచారమే. ఒకరికి జ్వరమొస్తే చెల్లెలో కొమాద్రెయో ఆ బ్యాడ్జి తగిలించుకుని ఆ వరుస కోస్తుంది. ఊళ్లో ఒకరి మొక్కజొన్న చేను ఇంకొకరు కోసిపెట్టినట్టే ఇదీ. తలకు వల టోపీ, ముక్కుకు గుడ్డ, చుట్టూ చీకటి. మొహాలెవరు చూస్తారు? పెట్టెల లెక్క బ్యాడ్జి మీద పడుతుంది, అంతే. పైగా ఎర్మిలా ఆ పని మానేసి ఏళ్లయినా, ఒకప్పుడు వేరే కంపెనీ షెడ్డులో నాకంటే చురుకుగా కోసేది.

“నా పేరుతో నేనే పని చేయబోతున్నాను, చూడండి విడ్డూరం” అని నవ్వింది. నా ఫోటో, తన పేరు ఉన్న బ్యాడ్జి మెళ్లో వేసుకుని వెళ్లింది.

పదిహేను రోజులు బాగానే జరిగింది. నేను రోజూ చేతులకు పందికొవ్వు రాసుకుని, గుడ్డలు చుట్టుకుని రాణిలా కూర్చున్నాను. మరిసెల వంట చేసింది, గిన్నెలు తోమింది. రాత్రిపూట నా వేళ్లు దీపం కింద పెట్టి భూతద్దంతో చూసేది. “వస్తున్నాయమ్మా, చిటికెనవేలు మీద రెండు గీతలు!” అని గంతులేసేది. అన్నేళ్లు ఎవరికంటా పడకుండా బతికినదాన్ని, నా గీతలు కనబడాలని మొక్కుకున్నాను.

పదహారో రోజు కంపెనీ వాళ్లకూ భయం పట్టుకుంది. కొత్త రూళ్లొచ్చాయి, తనిఖీలంటున్నారు, అందరూ అసలు కార్డులు తెచ్చి ఆఫీసులో మళ్లీ చూపించండని బసీలియో షెడ్డు షెడ్డుకీ తిరిగి చెప్పాడు. ఆ మాట వినగానే మావాళ్లు ఇరవైమంది వెనక గేటునుంచి ఇళ్లకు వెళ్లిపోయారు. నేనున్నా అదే చేసేదాన్ని. మాలో ఎవరైనా అదే చేస్తారు. ఎర్మిలా మాత్రం చేయలేదు. ఇరవై ఏళ్లకు పైగా కార్డు జేబులో పెట్టుకుని తిరిగిన మనిషి, పారిపోవడం మర్చిపోయింది. నా దగ్గర అసలు కార్డే ఉంది కదా, చూపిస్తే కొమాద్రె పని నిలబడుతుంది కదా అనుకుంది. ఛాతీ విరుచుకుని వెళ్లి కార్డు బల్లమీద పెట్టింది.

ఆఫీసులో కాగితాలు చూసే డెనిస్ కార్డు చూసింది, ఎర్మిలా మొహం చూసింది. రెండూ ఒకటే. ఆ తర్వాత బ్యాడ్జి చూసింది, పదకొండేళ్ల నాటి ఫైలు తీసి చూసింది.

“మీరే ఎర్మిలా అయితే, ఇన్నేళ్లు ఇక్కడ పని చేసిందెవరు?”

అప్పుడు గానీ ఆ మహాతల్లికి తెలిసిరాలేదు, కొరివితో తల గోక్కున్నానని.

ఆ రోజే, బుధవారం సాయంత్రం ఆరింటికి, మా ఇంటికొచ్చింది. బయట ఇంకా ఎండ కాస్తోంది. కుర్చీలో కూర్చుని సంచిలోంచి ఒక కాగితం తీసింది. మరిసెల అందుకుని చదివింది. కంపెనీ లాయరు తయారు చేసిన ఫిర్యాదు అది. ఫలానా మనిషి నాకు తెలియకుండా నా పేరు, నా నంబరు దొంగిలించి ఈ కంపెనీలో పని చేసింది, ఆ సంగతి కంపెనీకి గానీ నాకు గానీ తెలియదు. ఫలానా మనిషి పేరు రాయడానికి ఖాళీ, అడ్రసుకు ఖాళీ, కింద ఎర్మిలా సంతకానికి గీత.

“రేపు సాయంత్రంలోగా సంతకం పెట్టివ్వాలంట. పెడితే నేను మోసపోయినదాన్నంట, నా ప్రమాణానికి అడ్డం లేదంట. పెట్టకపోతే నేనే అరువిచ్చానని వాళ్లే ప్రభుత్వానికి రాస్తారంట. పౌరసత్వం పోతుంది. కార్డు కూడా పోవచ్చంట.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను? ఆలోచించుకుంటానని తెచ్చుకున్నాను. పొయ్యిలో పడేద్దామనే తెచ్చాను కొమాద్రె. ఇద్దరం పోదాం. ఊళ్లో మా అమ్మ ఇల్లు ఖాళీగానే ఉంది.”

“మరి దీన్ని?” అన్నాను మరిసెలను చూపిస్తూ.

మరిసెల కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, “ఎవరూ సంతకం పెట్టొద్దు. లాయరమ్మ దగ్గరకెళ్దాం. ఏదో ఒక దారి ఉంటుంది, ఉండాలి కదా!” అంది.

లాయరమ్మకు ఫోన్ చేశాం. అంతా వింది. అబద్ధం మీద సంతకం పెట్టమని నేను ఎవరికీ చెప్పలేనంది. ఆ తర్వాత మెత్తగా, “ఎల్లుండి శుక్రవారం వేలిముద్రలకు వెళ్తే మిమ్మల్ని అక్కడే ఆపేయొచ్చు. వెళ్లకపోతే అడ్రసు వాళ్ల దగ్గరుంది” అంది. నేను కృతజ్ఞతలు చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆమెను తిట్టాలనిపించలేదు.

నాకు భయం వేయలేదంటే అబద్ధం. దొంగ అన్న మాట నా పేరు పక్కన పడుతుందనుకుంటే ఒళ్లు మండింది. పదకొండేళ్లు నడుం వంచి కోసిన పుట్టగొడుగులన్నీ ఎవరు దొంగిలించినట్టు? అరవాలనిపించింది. కానీ ఆ బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. అందులో ఇద్దరు పోతే మూడోది ఏ పరాయివాళ్ల ఇంట్లో పడుతుందో! ఈ లెక్క చేయడానికి బడికెళ్లి చదవక్కర్లేదు.

“సంతకం పెట్టండి కొమాద్రె” అన్నాను.

“మీరు నోర్మూసుకోండి.”

“నేను ఫారంలో మీ పేరు రాయలేదు. ఎందుకనుకున్నారు? మీ నీలంగౌను మీద మోజుతోనా? నేను పోయినా ఇది అమ్మా అని పిలవడానికి ఇక్కడ ఒక మనిషి ఉండాలి. పాదిరిగారి ముందు ఒప్పుకున్నారు.”

“మిమ్మల్ని దొంగని రాసి ఆ పిల్ల మొహం ఎలా చూడమంటారు?”

“రోజూ చూస్తూ ఉండండి, అలవాటవుతుంది. పదహారేళ్ల పిల్ల, అన్నం పెట్టేవాళ్లు కావాలి. మీ సిగ్గు దానికి కూడుపెట్టదు.”

ఎర్మిలా బల్లమీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను ఆమెను ఏడవనిచ్చాను. ఆ తర్వాత కలం తెచ్చి చేతిలో పెట్టాను. “మీ పేరు నా చేత్తో రాయలేను” అని ఆమె కలం బల్లమీద పెట్టేసింది. మరిసెల కలం తీసుకోబోతే నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను. ఈ తప్పు మాత్రం దాని చేత చేయించదలచుకోలేదు.

మొదటి ఖాళీలో నేనే రాశాను. ఒబ్దూలియా రెంతెరియా ఫువెంతెస్. ఇక్కడ చోటు బాగానే ఉంది, రెండు ఇంటిపేర్లూ పట్టాయి. కింద మా ఇంటి నంబరు, వీధి. రాస్తుంటే వేలికొసలకు కాగితం గరుకు తగిలింది. ఎన్నో ఏళ్లుగా వాటికి ఏదీ అలా తగల్లేదు. ఎర్మిలా కళ్లు తుడుచుకుని, అట్టడుగున, తన సొంత పేరు సంతకం చేసింది.

శుక్రవారం పొద్దున్నే ఐదింటి బస్సుకు బయల్దేరాను. వాళ్లు పిల్ల చూస్తుండగా ఇంటికి రావడం కంటే నేనే వెళ్లడం మేలు. మరిసెలను ఎర్మిలా ఇంట్లో దింపాను. ముందు రోజు ఎర్మిలా ఆ కాగితం ఆఫీసులో ఇచ్చొచ్చాక, దాని మంచం, పుస్తకాలు చేరేశాం. గుమాస్తా నన్ను గుర్తుపట్టాడు. “గిన్నెలు తోమలేదు కదా?” అని నవ్వుతూ నా కుడిచేతి చూపుడువేలు పలక మీద పెట్టి నొక్కాడు.

పచ్చలైటు వెలిగింది. తెర మీద నా వేలు, ఒక్క గీత కూడా పోకుండా, స్పష్టంగా పడింది.